కుట్టినవాడు కూర్చున్నాడా

మా ఆయన ఆ కుర్చీలో కూర్చోలేదు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది అదే.

తోలు కుర్చీ ఏదైనా సరే, కుట్టు పూర్తయ్యాక ముందు కుట్టినవాడే అందులో కూర్చోవాలి. ఊరికే అంచున ఆనుకోవడం కాదు. బరువంతా వేసి, రెండు కాళ్లూ నేల మీంచి ఎత్తి, కప్పు కాఫీ తాగినంత సేపు కూర్చోవాలి. ఇది మా వర్క్‌షాపు యజమానురాలు దోనా ఎస్తెల పెట్టిన నియమం. ఆవిడ బొమ్మ గీసి చేయించిన కుర్చీలు మొదట్లో జనానికి వింతగా ఉండేవి. లావుపాటి జకరండా కర్రలు, వాటి మధ్య ఉయ్యాలలా వేలాడే తోలు, వీపుకి పేము అల్లిక. అలాంటి కుర్చీలో ఒక సెనేటరుగారు కూర్చోగానే కుట్టు తెగిపోయి ఆయన కాళ్లు పైకి, తల కిందికి అయ్యాయట. అప్పటికి నేను ఇంకా పనిలో చేరలేదు. కానీ వర్క్‌షాపులో ఆ కథ ఎవరు చెప్పినా సెనేటరు ఇంకాస్త లావయ్యేవాడు. ఆ రోజు నుంచి ఏ కుర్చీ బయటికి వెళ్లాలన్నా దోనా ఎస్తెల గుమ్మంలో నిలబడి ఒకటే అడిగేది.

"కుట్టినవాడు కూర్చున్నాడా?"

"కూర్చున్నానమ్మగారూ," అనేవాడు మా ఆయన బెలార్మీనో. అంతే. ఇంకో మాట అడిగేది కాదు. ఆ మనిషి అబద్ధం చెప్పడని ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు, అదే నా ప్రారబ్ధం. నేను కొత్త గౌను వేసుకుని ఎలా ఉందని అడిగితే కూడా నిజమే చెప్పేవాడు.

మా ఆయనది దేశం ఈశాన్య మూల సియరాలో గుర్రపు జీనులు కుట్టే ఇల్లు. వాళ్ల నాన్న, తాత, పశువుల వెంట ముళ్లపొదల్లోకి వెళ్లేవాళ్లకి తోలు కోట్లు, జీనులు కుట్టి బతికారు. ఈయన సావ్ పావ్‌లో నగరానికి వచ్చి అదే దారంతో, తోలుకి కన్నాలు పొడిచే అదే ఆరెతో కుర్చీలు కుట్టాడు. నేను పేము అల్లుతాను. వర్క్‌షాపులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తూ తిట్టుకుంటూ తిట్టుకుంటూ పెళ్లి చేసుకున్నాం. ఇప్పుడు వర్క్‌షాపు లేదు. అదే నగరంలో పెన్యా పేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. దోనా ఎస్తెల పాత కుర్చీలు ఎవరింట్లో పాడైనా అక్కడికే వస్తాయి.

కార్నివాల్ ముందు ఆయనకి పక్షవాతం వచ్చింది. మూతి సర్దుకుంది, నడక వచ్చింది, నోరు అంతకుముందే బాగుండేది కాదు కాబట్టి దానికి వచ్చిన నష్టమేమీ లేదు. కుడిచెయ్యి మాత్రం రాలేదు. పైకి లేస్తుంది, వేళ్లు ముడుచుకుంటాయి, పట్టు ఉండదు. కాఫీ కప్పు జారి పడితే "ఈ కప్పులు నున్నగా చేస్తున్నారు వెధవలు," అనేవాడు. నేను నోరు మూసుకుని పెద్ద పిడి ఉన్న కప్పులు కొనుక్కొచ్చాను. ఆసుపత్రిలో ఒకసారి, నేను దుప్పటి సర్దుతుంటే, గోడవైపు చూస్తూ అన్నాడు: "చెయ్యి పోతే ఇంక నేనున్నా ఒకటే, పోయినా ఒకటే, జుసారా." ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. అందుకే ఇంట్లో ఎవరూ చెయ్యి మాట ఎత్తకుండా చూసుకున్నాను.

అలాంటి సమయంలో దోనా ఎస్తెల కారు మా గుమ్మం ముందు ఆగింది.

ఆవిడకి తొంభై దగ్గరపడుతోంది. కర్ర పట్టుకుని, పిట్టలా తేలికగా, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. వెనక డ్రైవరు ఒక కుర్చీ మోసుకొచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. ఆవిడ చేయించిన మొట్టమొదటిది. ఇప్పుడు ఎవరూ నరకడానికి వీల్లేని నల్ల జకరండా. కర్ర రాయిలా ఉంది. తోలు మాత్రం చీకిపోయి పేలికలైంది, పేము మధ్యలో పిల్లి దూరేంత కన్నం.

"మ్యూజియంలో నా కుర్చీలన్నీ పెడుతున్నారు," అంది. "మొదలుపెట్టే రోజు నేను దీంట్లో కూర్చుంటాను. పడుచుదనంలో దీంట్లోనే కూర్చుని ఫొటో తీయించుకున్నాను. మళ్లీ అలాగే తీస్తారట. పేము జుసారా చూసుకుంటుంది. తోలు బెలార్మీనో తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

నేను మా ఆయన మొహం చూశాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఆ మొహంలో వెలుతురు వచ్చింది. ఆ క్షణంలోనే చెప్పాల్సింది, అమ్మగారూ, ఈయన చెయ్యి పనికిరాదు అని. పక్కింటావిడతో అనవసరంగా గంటలు గంటలు వాగే ఈ నోరు అప్పుడు మాత్రం పెగల్లేదు.

"మీరు నిశ్చింతగా ఉండండమ్మగారూ," అన్నాడాయన.

నేను ముందు కుర్చీ వీపు అల్లేశాను. పేముని నీళ్లలో నానబెట్టి, తడి మీద అల్లి వదిలేస్తే ఎండేకొద్దీ అదే బిగుసుకుంటుంది. పేముకున్న మంచి గుణం అది, మన చెయ్యి వదిలేశాక కూడా పనిచేస్తుంది. తోలు అలా కాదు. తోలు ఉన్నకొద్దీ సాగుతుంది. అందుకని అంచు మడిచి కర్ర చుట్టూ తిప్పి వేసే ఆ రెండు కుట్లూ, ఎడమ పక్కదీ కుడి పక్కదీ, ఇనుములా ఉండాలి. కూర్చున్న మనిషి బరువంతా ఆ రెండు కుట్ల మీదే.

కుట్టడానికి నల్ల మైనం రాసిన దారానికి రెండు కొసలా రెండు దబ్బనాలు. ఒకే కన్నంలోంచి అటొకటి ఇటొకటి దూర్చి, రెండు చేతులతో ఒకేసారి, ఒకే బలంతో లాగాలి. ఆయన ఎడమచేత్తో లాగాడు. కుడిచేతి దారాన్ని పళ్లతో లాగాడు. నేను నా బల్ల దగ్గర పేము ముక్కలు ఏరుతున్నట్టు నటిస్తూ చూశాను. చెమటలు కారుతున్నాయి ఆ మనిషికి. ఒక్కో కుట్టుకి ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ. ఆయన మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లినప్పుడు దగ్గరికి వెళ్లి కుట్టు కింద గోరు పెట్టాను. దూరింది. ఒకప్పుడు ఆయన కుట్టు కింద బ్లేడు అంచు కూడా దూరేది కాదు. నా గోరు ఏ అడ్డూ లేకుండా దూరింది.

ఆయన అడుగుల చప్పుడు వినగానే గబగబా నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

దోనా ఎస్తెల ఎముకలు గాజు గ్లాసుల్లాంటివి. పోయినేడు జామ్ సీసా మూత తిప్పబోతే మణికట్టు విరిగింది. ఇంకోసారి పడితే లేవడం ఉండదని డాక్టరు చెప్పాడని ఆవిడే నవ్వుతూ చెప్పింది. మ్యూజియంలో నేల సిమెంటు. మళ్లీ మళ్లీ అదే బొమ్మ కళ్లముందు కనిపించేది. ఆవిడ కూర్చుంటుంది, కుట్టు ఒక్కొక్కటే ఊడుతుంది, తర్వాత ఆ శబ్దం. అది ఆపాలంటే మా ఆయనతో, నీ చెయ్యి చచ్చిపోయిందయ్యా, అని చెప్పాలి. చెప్తే ఆయన మిగలడు. చెప్పకపోతే ఆవిడ మిగలదు.

అన్నం తింటున్నప్పుడు మెల్లగా కదిపాను. "ఏమయ్యా, కుర్చీ పెద్దది కదా. సాయానికి జురందీర్‌ని పిలుద్దామా?"

జురందీర్ నా తమ్ముడు. మా ఆయన చెంచా ప్లేటులో పడింది. ఈసారి కావాలనే పడేశాడు.

"ఎవర్ని?"

"మా తమ్ముణ్ణి. నీ బావమరిదిని. మర్చిపోయావా?"

"ఆ ఎడమచేతివాడి కుట్టు నా కుర్చీ మీదా? నేను చచ్చాక పిలుచుకో."

ఈ గొడవ పాతది. జురందీర్‌కి పని నేర్పింది బెలార్మీనోనే, సొంత తమ్ముడిలా చూసుకుని నేర్పాడు. కానీ వాడిది ఎడమచేతివాటం. కుట్టులో ఒక్కో పోగూ కాస్త వాలి ఉంటుంది. మా ఆయనవి ముందుకి వాలతాయి, వాడివి వెనక్కి. జతగా వెళ్లాల్సిన కుర్చీల్లో ఒకటి ఇటు, ఒకటి అటు వాలి ఉన్నాయని ఒకాయన తిరగ్గొట్టాడు. మా ఆయన అందరి ముందూ వాడి కుట్టు విప్పి, దారం వాడి మొహాన కొట్టి, "పొరపాటున కూడా నా కుర్చీ మీద నీ చెయ్యి పడకూడదు," అన్నాడు. వాడు ఆరె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నగరం అవతలి కొసన ఒజాస్కోలో సోఫాలకి బట్ట మార్చే కొట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా శవపేటికకి చెరో పక్కా నిలబడ్డారు తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇంక మనుషుల వల్ల కాదని, చర్చివాళ్లు వేసిన బస్సెక్కి అపరెసీదా ఊళ్లోని అమ్మవారి చర్చికి వెళ్లాను. కొవ్వొత్తి వెలిగించాను. మైనంతో చేసిన చెయ్యి బొమ్మ ఒకటి కొని మొక్కుగా అక్కడ పెట్టాను. తల్లీ, మా ఆయన చెయ్యి ఆయనకి ఇచ్చెయ్, బదులుగా నాది తీసుకో అన్నాను. తర్వాత, మరీ మొత్తం తీసుకోకు, పేము అల్లుకోవాలి అని కూడా అన్నాను. అమ్మవారి నీళ్లు ఒక సీసాలో పట్టుకుని సాయంత్రానికి ఇంటికొచ్చాను.

షెడ్డులో కుర్చీ లేదు. అంటే ఉంది, దుప్పట్లు చుట్టి, తాడుతో బిగించి కట్టేసి ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఏదీ, విప్పు. చూస్తాను."

"రేపు మ్యూజియం వాళ్ల బండి వస్తుంది. మళ్లీ ఎవడు కడతాడు?"

"కూర్చున్నావా?"

నేలమీద తోలు ముక్కలు ఊడుస్తున్నాడు, ఎడమచేత్తో.

"నిన్నే. కూర్చున్నావా అంటే?"

"తోలు ఇంకా సర్దుకోవాలి."

"మరి ఎప్పుడు కూర్చుంటావు? మ్యూజియంకి వెళ్లి కూర్చుంటావా?"

"నీకెందుకే అవన్నీ? నీ పేము నువ్వు చూసుకో."

ఇన్నేళ్లలో ఆయన కూర్చోకుండా ఒక్క కుర్చీ గడప దాటలేదు. జ్వరంతో ఉన్నా కూర్చునేవాడు. తన కుట్టు మీద తనకే నమ్మకం లేదు, అందుకే కూర్చోలేదు అనుకున్నాను. ఇంకేమనుకుంటాను? ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి అమ్మవారి నీళ్లు ఆ చేతికి రాశాను. ఒక్కో వేలూ లాగి లాగి రాశాను. మామూలుగా అయితే ఇలాంటివాటికి ఎగతాళి చేసే మనిషి, ఆ రోజు కళ్లు మూసుకుని ఊరుకున్నాడు. మర్నాడు బండి వచ్చి కుర్చీని తీసుకెళ్లిపోయింది.

ముందు దోనా ఎస్తెల ఇంటికి పరిగెత్తాను.

"అమ్మగారూ, ఆ రోజు కూర్చోకపోతేనేం? పక్కన నిలబడి ఫొటో తీయించుకోండి. నిలబడితేనే హుందాగా ఉంటుంది."

"నేను పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడానికి అదేమైనా ఏనుగా?" అంది. "ఏమైంది జుసారా? పేములో ఏమైనా తప్పు వచ్చిందా?"

"నా పేముకేం, దివ్యంగా ఉంది."

"మరి తోలుకా?"

గొంతుదాకా వచ్చింది. ఆవిడ పిచ్చుక కళ్లతో నా మొహంలోకే చూస్తోంది. ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. గోడవైపు తిరిగి పడుకున్న నా మొగుడు కళ్లముందు మెదిలాడు.

"తోలు కొత్తది కదా, గట్టిగా ఉంటుందని," అన్నాను.

"బెలార్మీనో కుట్టాక గట్టిగా ఉండక మెత్తగా ఉంటుందా? వెళ్లు, వెళ్లి ఆ రోజుకి మంచి గౌను కుట్టించుకో."

అక్కడి నుంచి రైలెక్కి ఒజాస్కో. జురందీర్ కొట్టులో ఒక సోఫాని తలకిందులు చేసి మేకులు పీకుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అక్కా. బావ బాగున్నాడా?"

వాడు ఎప్పుడూ అడగని ప్రశ్న అది. నేను పట్టించుకునే స్థితిలో లేను. ఉన్నదంతా కక్కేశాను. కుట్టు వదులుగా ఉందని, గోరు దూరిందని, కూర్చోలేదని. "మ్యూజియంలో నాకు తెలిసిన ఊడ్చేవాళ్లున్నారు. పొద్దున్నే లోపలికి పంపిస్తారు. నువ్వొచ్చి ఆ రెండు కుట్లూ గట్టి చెయ్యి. ఆయనకి తెలియక్కర్లేదు," అన్నాను.

వాడు పట్టకారు కింద పెట్టాడు. చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు. వేళ్ల సందుల్లో నల్ల మైనం కనిపించింది.

"నేను రాను."

"ఏరా?"

"బావ కుర్చీ బావది. ఆయన అడక్కుండా నేను ముట్టుకోను."

"ఆయన అడుగుతాడా? చచ్చినా అడుగుతాడా నిన్ను?"

వాడు తలెత్తలేదు. "ఏం కాదక్కా. నువ్వు ఊరికే కంగారుపడకు."

"ఏం కాదా? ముసలావిడ నడుం విరిగితే నువ్వు అతికిస్తావా, నీ సోఫాలకి కొట్టే మేకులతో? ఎప్పుడో మొహాన దారం కొట్టాడని ఇప్పుడు కసి తీర్చుకుంటున్నావా? నీదీ ఒక మనిషి పుటకేనా?"

వాడు కాఫీ తెప్పిస్తానన్నాడు. నీ కాఫీ నువ్వే తాగు అని వచ్చేశాను. రైల్లో ఏడ్చాను. ఎదురుగా కూర్చున్నామె నాకు కాగితం రుమాలు ఇచ్చింది.

ఆ రోజు రానే వచ్చింది. మా ఆయన పెళ్లికోటు వేసుకున్నాడు. అది పొట్ట దగ్గర పట్టలేదు. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

హాలు నిండా జనం. దోనా ఎస్తెల కుర్చీలు, బల్లలు, బెంచీలు వరసగా, తాళ్లు కట్టి, ముట్టుకోరాదని బోర్డులు పెట్టి ఉన్నాయి. జీవితమంతా మనుషులు కూర్చున్న వస్తువుల చుట్టూ తాడు కట్టడం చూస్తే ఇంకొకప్పుడైతే నవ్వొచ్చేది. మధ్యలో, చిన్న అరుగు మీద, ఆ కుర్చీ. దీపాల వెలుగులో జకరండా నల్లగా మెరుస్తోంది. నా అల్లిక నీడ నేల మీద గళ్లుగళ్లుగా పడింది. తోలు తేనెరంగులో చక్కగా వేలాడుతోంది. కుట్లు అడుగువైపు ఉంటాయి, అక్కడి నుంచి కనబడవు. చుట్టూ సిమెంటు నేల.

స్తంభం దగ్గర జురందీర్ కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా ఏడుపు చూసి జాలిపడి వచ్చాడేమో, ఇప్పుడొచ్చి ఏం లాభం అనుకుని మొహం తిప్పుకున్నాను.

ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం ఇచ్చాడు. ఒక్క మాట నా చెవిన పడలేదు. మా ఆయనకేసి చూస్తే ఆయన కుర్చీ వైపు చూడటం లేదు, తన బూట్ల వైపు చూస్తున్నాడు. అయిపోయింది, ఈయనకీ తెలుసు అనుకున్నాను. ఇప్పుడావిడ అలవాటు ప్రకారం అడుగుతుంది, కుట్టినవాడు కూర్చున్నాడా అని. ఈయన లేదనాలి. ఇంతమంది ముందు, ఫొటోలవాళ్ల ముందు. లేదా జన్మలో మొదటిసారి అబద్ధం చెప్పాలి, ఆ అబద్ధం మీద ఆవిడ కూర్చోవాలి.

చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి తాడు పక్కకి తీసింది. దోనా ఎస్తెల కర్ర ఆనించుకుంటూ అరుగు వైపు కదిలింది.

నా కాళ్లు నన్ను అడగలేదు. ఇద్దరు ముగ్గుర్ని తోసుకుని, ఆవిడ్ని దాటి, అరుగెక్కి, ఆ కుర్చీలో కూలబడ్డాను. నేనేమీ పిట్టను కాదు. ఉన్న బరువంతా వేశాను. రెండు కాళ్లూ ఎత్తాను.

కర్ర ఒక్కసారి కిర్రుమంది. నా ప్రాణం పోయింది. కళ్లు గట్టిగా మూసుకుని, పడితే ఎలా పడాలో, చెయ్యి ఎక్కడ ఆనించాలో లెక్క చూసుకున్నాను. కాపలా అతను వచ్చి, "అమ్మా, లేవండి, కూర్చోకూడదు," అంటున్నాడు. నేను కాళ్లు దించలేదు.

ఏమీ తెగలేదు.

ఇంకాస్త ఆగాను. ఒళ్లు బరువు వేసి కదిలాను. తోలు నన్ను పట్టుకునే ఉంది. చెయ్యి కిందికి పోనిచ్చి కుట్టు తడిమాను, గోరు పెట్టి చూశాను. దూరలేదు. ఎక్కడా దూరలేదు. అపరెసీదా తల్లీ, ఎలా లాగాడీ మనిషి, ఎక్కడి నుంచి వచ్చింది ఈ బలం అనుకుంటే ఏడుపొచ్చింది. అలాగే వేలితో కుట్టు పొడుగునా నిమిరాను. ఆయన కుట్టు నాకు ఆయన మొహం తెలిసినంత తెలుసు. పోగులు ముందుకి వాలి ఉండాలి.

ఇవి వెనక్కి వాలి ఉన్నాయి.

రెండో పక్క తడిమాను. అవీ వెనక్కే.

తలెత్తి స్తంభం వైపు చూశాను. జురందీర్ ఎడమచేత్తో మెడ గోక్కుంటూ నేల చూపులు చూస్తున్నాడు. వాడి వేళ్ల సందుల్లో నల్ల మైనం అప్పుడు గుర్తొచ్చింది. సోఫాలకి మేకులు కొట్టేవాడికి మైనం దారంతో పనేమిటి?

"జుసారా," అంది దోనా ఎస్తెల. "దీన్ని నువ్వు కుట్టావా ఏమిటే?"

జనం నవ్వారు.

"లేదమ్మగారూ."

"మరి లే. నా కుర్చీలో ముందెవరు కూర్చోవాలో నీకు తెలియదా?" ఆవిడ వెనక్కి తిరిగింది. వర్క్‌షాపు గుమ్మంలో అడిగినట్టే అడిగింది. "బెలార్మీనో, కుట్టినవాడు కూర్చున్నాడా?"

మా ఆయన జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. ఏం చెయ్యాలో తెలియనట్టు దాన్ని కోటుకి ఆనించి పట్టుకున్నాడు.

"నేను కుట్టలేదమ్మగారూ," అన్నాడు. "నా చెయ్యి ఇంక కుట్టదు. కుట్టింది మా బావమరిది జురందీర్. వాడు కూర్చున్నాడు. నా కళ్లముందే, కాళ్లెత్తి కూర్చున్నాడు."

అప్పుడర్థమైంది నాకు, ఆయనెందుకు కూర్చోలేదో. భయపడి కాదు. కుట్టింది తను కాదు కాబట్టి.

దోనా ఎస్తెల ఆయన చేతికేసి చాలాసేపు చూసింది. తర్వాత స్తంభం వైపు కర్ర చూపించింది. "నువ్వేనా, నా జత కుర్చీలు పాడుచేసిన ఎడమచేతివాడివి?"

"అవునమ్మగారూ," అన్నాడు జురందీర్.

"దగ్గరికి రా. నన్ను కూర్చోబెట్టు."

వాడు వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. నేను అరుగు దిగాను. ఆవిడ కూర్చుంది, సర్దుకుంది, ఆ వయసులో రెండు కాళ్లూ ఎత్తి చూపించింది. ఫొటోలు తీశారు. వాటిల్లో నా గౌను అంచు కూడా పడి ఉంటుంది.

బయట మెట్ల మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఎప్పుడు?" అన్నాను.

"నువ్వు అపరెసీదా వెళ్లిన రోజు. పొద్దున్నే ఒజాస్కోకి ఫోను చేశాను. వాడు ఒక్క మాట అడగలేదు, వచ్చేశాడు. వాడు దారి మధ్యలో ఉండగానే నా కుట్టంతా విప్పేశాను." కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "విప్పడానికైతే బాగానే పనిచేసింది."

"నాతో ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది? మొన్న వాణ్ణి నానా మాటలూ అన్నాను. ఏ పాపమూ ఎరగని వాణ్ణి."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నేనే చెప్దామనుకున్నాను. నువ్వు బస్సు దిగి వచ్చి నీళ్ల సీసా తీసి, ఈ చేతికి రాయడం మొదలుపెట్టావు. ఒక్కో వేలికీ ఏదో గొణుగుతూ. ఇంకేం చెప్పమంటావు?"



మళ్లీ ఆయనే అడిగాడు. "నువ్వెళ్లి కూర్చున్నప్పుడు, అది నా కుట్టే అనుకున్నావు కదూ?"

"ఊఁ."

"తెగుతుందనుకునే కూర్చున్నావు."

ఈ మనిషితో అబద్ధం చెప్పడం నాకూ అలవాటు పోయింది. "అవును," అన్నాను. "లేకపోతే? ఆవిడ ఎముకలు విరగనిమ్మంటావా?"

"నీకు మాత్రం ఎముకల్లేవా, పిచ్చిదానా," అన్నాడు. అని మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి.

జురందీర్ మెట్లు దిగి వచ్చి కాస్త దూరంలో ఆగాడు. దగ్గరికి రావాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాడు. మా ఆయన వాణ్ణి చూసి, లేవడానికి కుడిచెయ్యి నాకు అందించాడు. ఇన్నాళ్లూ ఎడమదే ఇచ్చేవాడు. పట్టుకున్నాను. వేళ్లు నా చేతి చుట్టూ ముడుచుకున్నాయి గానీ బిగుసుకోలేదు. బిగించి లాగింది నేనే. ఆయన లేచి నిలబడ్డాడు.